పాత పాంటూన్ బోటుకి గొట్టాల రిపేరు, కొత్త ఇంజను: నరసాపురం గట్టు మీద షెడ్డులో చేయించాం, మా అనుభవం

వశిష్ఠ, వైనతేయ, గౌతమి ఏ పాయ గట్టున ఉన్నవాళ్ళైనా సరే, మీ దగ్గర పాత అల్యూమినియం పాంటూన్ బోటు ఉండి దానికి కొత్త ఇంజను వేద్దామా, తుక్కుకి అమ్మేద్దామా అని తేలక ఆగి ఉంటే, ముందు నరసాపురం దగ్గర గోదారి గట్టు మీదున్న ఈ షెడ్డుకి ఒకసారి తీసుకెళ్ళండి అని చెప్పడానికే రాస్తున్నా. దీనికి బోర్డు లేదు, అల్యూమినియం బోట్లు చేసే మేస్త్రిగారి షెడ్డు ఎక్కడండీ అని రేవులో అడిగితే ఎవరైనా చూపిస్తారు. మాది చేయించాక ఒక వరదల సీజను కూడా గడిచింది, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాయగలుగుతున్నా. పని బాగుంది, చాలా బాగుంది. లోపాలు కూడా ఉన్నాయి, అవీ రాస్తాను.

మా బోటు గురించి కొంచెం. 20 అడుగులది, రెండు గొట్టాలు, పైన ప్లైవుడ్డు, దానిమీద రెక్సిన్ సీట్లు, టాపు. మన రేవుల్లో పంటు చూసినవాళ్ళకి పెద్దగా వివరించక్కర్లేదు, ఇదీ ఆ తరహాలోదే, కాకపోతే కింద పడవలకి బదులు రెండు చివర్లా మూసేసిన అల్యూమినియం గొట్టాలు ఉంటాయి. ఒక రిసార్టు వాళ్ళు అమ్మేస్తుంటే మా బావగారు తీసుకున్నారు. లంకలో తోటకి కూలీలు, ఎరువు బస్తాలు, దించిన కాయలు, పండగలకి చుట్టాలు, అన్నీ దీనిమీదే. వెనకాల పాత టూ స్ట్రోక్ 40 హెచ్‌పీ ఇంజను ఉండేది, పొగ, మోత, పెట్రోల్లో ఆయిలు కలుపుకోవడం, స్టార్టు అవ్వాలంటే తాడు లాగి లాగి భుజాలు పోవడం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చాయి కదా, అప్పుడు బోటుని గట్టు మీద కొబ్బరి చెట్లకి కట్టేసి ఉంచాం, కొట్టుకుపోలేదు గానీ రాత్రంతా చెట్టుకేసి కొట్టుకుని కొట్టుకుని ఎక్కడో ఏదో కదిలింది. అప్పట్నుంచి ఎడం పక్క కొంచెం కొంచెంగా దిగడం, ముందు భాగం పైకి లేవడం, ఇంజను ఎంత గుంజినా కదలకపోవడం మొదలైంది.

అందరూ ఇంజను పాతబడిపోయింది కొత్తది వెయ్యండి అన్నవాళ్ళే. ఒక సిటీలో డీలరు అయితే బోటు చూడకుండానే, ఫోన్లో కొలతలు కూడా అడక్కుండా, 90 హెచ్‌పీ వేసుకోండి సార్ దూసుకుపోద్ది అని కొటేషన్ పంపించేశాడు. ఈ షెడ్డు మేస్త్రిగారు మాత్రం బోటు చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టం మీద వేళ్ళతో తట్టుకుంటూ వెళ్ళి, "ఇంజను తర్వాత చూద్దామండి, ముందు గొట్టాలు చూడనివ్వండి, ఎడం గొట్టం వెనక గదిలో నీళ్ళున్నాయి" అన్నారు. ఆ ఒక్క మాటకే నేను ఈ షెడ్డుకి మార్కులు వేసేస్తాను.

ఎందుకో లెక్క చెప్తా చూడండి, ఆయన నేలమీద సుద్దముక్కతో వేసి చూపించిన లెక్కే ఇది. మా గొట్టం అడ్డకొలత 23 అంగుళాలు, పొడుగు 20 అడుగులు. లోపలి ఖాళీ సుమారు 1600 లీటర్లు, ముక్కు దగ్గర సన్నబడుతుంది కాబట్టి ఇంకొంచెం తక్కువే. అంటే గొట్టం మొత్తం మునిగితే 1600 కిలోలు మోస్తుంది. కానీ మొత్తం మునిగేదాకా ఎవరూ వెయ్యరు, సగానికి మించి మునగకూడదు, అంటే రెండు గొట్టాలూ కలిపి 1600 కిలోలు, అందులోనే బోటు సొంత బరువు, ఇంజను, ట్యాంకు, మనుషులు, బస్తాలు అన్నీ. గొట్టం లోపల అడ్డగోడలు పెట్టి మూడు గదులు చేసి ఉంటారు, ఒక దాంట్లోకి నీళ్ళొచ్చినా మిగతావి తేల్చాలని. ఆ ఒక్క గది నిండితే 500 కిలోల నీళ్ళు. ఏడెనిమిది మంది మనుషులు ఎప్పుడూ ఒకే మూల కూర్చుని ఉన్నట్టే లెక్క, వాళ్ళని మోసుకుంటూ తిరుగుతుంటే ఏ ఇంజను మాత్రం లాగుతుంది? దానికి 90 తగిలిస్తే ఆ మూల ఇంకా దిగిపోవడం తప్ప ఏమీ ఉండదు.

ఇక నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయో కనిపెట్టిన విధానం. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ప్రతి గదికీ పైన చిన్న రంధ్రం వేసి ట్యూబు వాల్వు బిగించి గాలి కొట్టారు, కంప్రెసరుతో కాదు, సైకిలు పంపుతో, పక్కన చిన్న గేజీ. 2 పీఎస్ఐ, మహా అయితే 3, అంతకు మించి కొట్టనివ్వలేదు. అంత తక్కువెందుకండీ లారీ టైరుకి వందకి పైగా కొడతారు కదా అని మా కుర్రాడు అడిగితే, 23 అంగుళాల మూత మీద 3 పీఎస్ఐ అంటే 560 కిలోల తోపు, కంప్రెసరు పెడితే మూత ఊడి ఎవడి మొహానికో తగుల్తుంది అన్నారు. నేను ఇంటికొచ్చి లెక్క కట్టుకున్నా, నిజమే, సరిగ్గా అంతే వస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎవరైనా మీ పాంటూన్ గొట్టానికి టైరు షాపు గాలి గొట్టం పెట్టబోతే అక్కడే ఆపెయ్యండి. తర్వాత సర్ఫు నీళ్ళు కుంచెతో పూసుకుంటూ వెళ్ళారు, బుడగ వచ్చిన చోటల్లా మార్కరుతో గుండ్రంగా గీత. ఇంజను తగిలించే బ్రాకెట్టు గొట్టానికి అతికే చోట వెల్డింగు పక్కనే వెంట్రుకంత పగులు ఒకటి, అదీ వరదలో కొట్టుకున్న దెబ్బ. ఇంకా అడుగున బురద పట్టి ఉండే చోట సూది మొనంత చిల్లులు వరసగా. వాటి మీద ఎప్పుడో ఎవరో ఎపాక్సీ ముద్ద పెట్టి పైన పెయింటు కొట్టేసి ఉన్నారు, దాని కిందే తినేసింది.

ఆ చిల్లులు ఎందుకు పడ్డాయో తెలుసుకుంటే మన డెల్టాలో బోటున్న ప్రతివాళ్ళకీ పనికొస్తుంది. మన పాయల్లో నీళ్ళు సగం ఏడు తీపి, సగం ఏడు ఉప్పు. వరదల్లో అంతా ఎర్రటి తీపి నీరే, ఎండాకాలం బ్యారేజీ నుంచి కిందకి నీళ్ళు ఆగిపోతే సముద్రపు పోటు పైపైకి ఎక్కుతుంది. ఉప్పు నీళ్ళలో అల్యూమినియానికి రాగి, స్టీలు లాంటి లోహం తగిలితే అల్యూమినియమే కరుగుతుంది. మా బోటుకి ఇదివరకు ఎవరో నాచు, గుల్లలు పట్టకుండా రాగి కలిసిన పెయింటు అడుగున కొట్టేశారు, చెక్క పడవకి అది బంగారం, అల్యూమినియానికి విషం. పైన ప్లైవుడ్డు కూడా పురుగు పట్టకుండా రాగి మందు పట్టించిన రకం అయితే అదే గొడవ, తడిసి కారిన నీళ్ళు అడ్డ బద్దీల్ని తినేస్తాయి. మేస్త్రిగారు ఆ పెయింటు మొత్తం గీకించేశారు, చెక్క తీసేశారు, ప్రతి స్టీలు బోల్టు కింద నైలాను వాషరు పెట్టారు, వెనకాల యానోడు ముక్కలు కొత్తవి బిగించారు. యానోడు అంటే గొట్టం బదులు తాను కరిగిపోయే లోహం ముక్క, తీపి నీళ్ళకి మెగ్నీషియం, సముద్రానికి జింకు, మన లాగా కలగలిసిన నీళ్ళకి అల్యూమినియం యానోడు. దాని మీద మాత్రం పెయింటు పడకూడదు, పడితే పని చెయ్యదు. సగం కరిగితే మార్చెయ్యాలి. మీ బోటుకి అది అసలు ఉందా లేదా రేపు పొద్దున్నే చూసుకోండి.

వెల్డింగు విషయంలో వీళ్ళకి తిరుగులేదు. టిగ్ వెల్డింగు, అంటే అతికే చోట గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాసు వదులుతూ చేసేది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది గానీ దాని మీద పట్టే తుప్పు పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి, అందుకని ఆ పొర గీకకుండా మంట పెడితే లోపల లోహం కారిపోతుంది, పైన పొర అలాగే ఉంటుంది, చూడ్డానికి అతికినట్టే ఉండి నెల తిరక్కుండా మళ్ళీ కారుతుంది. ఇక్కడ అతికే ప్రతిచోటా ముందు ఎసిటోన్ తో తుడిచి, తర్వాత విడిగా అల్యూమినియానికే వాడే స్టీలు బ్రష్షుతో రుద్ది అప్పుడు మొదలుపెట్టారు. ఇనుము మీద వాడిన బ్రష్షు దగ్గరకి కూడా రానివ్వరు. గొట్టం లోపల నీళ్ళు మొత్తం తోడి, రాత్రంతా వేడి గాలి పెట్టి ఆరబెట్టారు, లోపల తడి ఉంటే ఆవిరొచ్చి అతుకులో బుడగలు మిగులుతాయిట. పగులుని ఊరికే పూడ్చి వదిలెయ్యకుండా రెండు కొసల్లోనూ చిన్న చిల్లు వేసి, అది ఇంక ముందుకి పాకకుండా ఆపి, అప్పుడు పైన పట్టీ వేసి అతికారు. పని అయ్యాక మళ్ళీ గాలి కొట్టి రాత్రంతా గేజీ అలాగే వదిలేసి, పొద్దున్న మమ్మల్ని పిలిచి చూపించారు. ముల్లు కదల్లేదు. ఇలా చూపించమని మీరు కూడా అడగండి, వీళ్ళు ఏమీ అనుకోరు, ఇంకా సంతోషపడతారు.

చెక్క సంగతి తొందరగా చెప్పేస్తా. పాతది నాని నాని ఒక్కో షీటు ఇద్దరం లేపలేకపోయాం. కొత్తది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై 18 ఎంఎం, 8 బై 4 షీట్లు ఐదు పట్టాయి, అంచులన్నిటికీ ఎపాక్సీ పట్టించారు. షాపులో మెరైన్ అన్నంత మాత్రాన తీసుకోకండి, ముద్ర చూసుకోండి, 303 అని ఉంటే అది వంటింటి అలమార్లకి.

గొట్టాలు, చెక్క అయ్యాకే ఇంజను మాట. బోటు మీద తయారీవాళ్ళు కొట్టిన ప్లేటులో 60 హెచ్‌పీకి మించకూడదని ఉంది, అందుకని 60 హెచ్‌పీ ఫోర్ స్ట్రోకే, అందులో హై థ్రస్ట్ రకం. ఇదేంటంటే హెచ్‌పీ అంతే ఉంటుంది గానీ కింద గేరు పెట్టె పెద్దది, నీళ్ళలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లరు) పెద్దది, నిదానంగా తిరుగుతుంది, ట్రాక్టరుని లో గేరులో వేసి బురదలోంచి లాగినట్టు లాగుతుంది. యమహా వాళ్ళు హై థ్రస్ట్ అంటారు, మెర్క్యురీ వాళ్ళు కమాండ్ థ్రస్ట్ అంటారు. పాంటూన్ లాంటి వెడల్పాటి బోటుకి, పాటు మీద ఎదురు నడవాల్సిన మనలాంటి చోట, రేవుకి తగిలించేటప్పుడు గాలి పక్కకి తోసేస్తుంటే, స్పీడు కంటే ఈ పట్టే కావాలి. రేట్లు రాయట్లేదు, బయటి దేశాల నుంచి వచ్చేవి కాబట్టి డాలరుని బట్టి, సుంకాన్ని బట్టి మారిపోతుంటాయి. మొత్తం మీద మాకు కొత్త బోటు ఖర్చులో సగం కూడా అవ్వలేదు, అందులో కూడా ఎక్కువ వాటా ఇంజనుదే, షెడ్డు కూలీ నాకు న్యాయంగా అనిపించింది.

ఫోర్ స్ట్రోకు బరువెక్కువ, అది తెలుసుకునే కొనండి. 40 కి 40 చూసుకున్నా పాత టూ స్ట్రోకు కంటే 20 కిలోల పైనే ఉంటుంది, 60 అంటే ఇంకా ఎక్కువ. అందుకని మేస్త్రిగారు బ్యాటరీని, పెట్రోలు ట్యాంకుని వెనక నుంచి నడిమికి జరిపించారు. ఇంకోటి షాఫ్టు పొడుగు, అంటే ఇంజను తగిలించే చోటు నుంచి కిందకి ఫ్యాను వైపు దిగే కాలు పొడుగు. 15 అంగుళాలది షార్ట్, 20 ది లాంగ్, 25 ది ఎక్స్‌ట్రా లాంగ్. మా బ్రాకెట్టు 20 అంగుళాల షాఫ్టుకి చేసింది, పాత ఇంజనుకేమో 15 షాఫ్టు, అందుకే మనుషులు ముందుకి నడిస్తే చాలు ఫ్యాను గాలి పీల్చి ఇంజను గీపెట్టేది, ఇన్నేళ్ళూ దాన్ని ఇంజను రోగం అనుకునేవాళ్ళు అందరూ. ఫ్యాను పైనుండే వెడల్పాటి రెక్క గొట్టాల అడుగుకి సమానంగా గానీ ఒక అంగుళం కిందకి గానీ ఉండాలి, దారం కట్టి చూసి మరీ బిగించారు.

తర్వాత ఫ్యాను ఎంపిక. దీనికోసం బోటులో ఇసక బస్తాలు వేసుకుని, మా సరంగుని కూర్చోబెట్టి, గోదార్లో ఫుల్ థ్రాటిల్ మీద పోనిచ్చి ఆర్‌పీఎం, అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, చూశారు. ఇంజను పుస్తకంలో 5000 నుంచి 6000 మధ్య అని ఉంది, మాది 4700 దగ్గరే ఆగిపోయింది. అలా వదిలేస్తే ఇంజను ఎప్పుడూ ఆయాసంతోనే పని చేస్తుంది, త్వరగా పోతుంది. పిచ్, అంటే ఫ్యాను ఒక చుట్టుకి ఎంత ముందుకి వెళ్ళాలో ఆ కొలత, ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం 150, 200 పెరుగుతుంది, రెండు అంగుళాలు తక్కువది వేస్తే బరువుతో కూడా 5000 దాటింది. ఖాళీ బోటుతో చూసి సరిపోయింది అనేవాళ్ళని నమ్మకండి, మనం నడిపేది బరువుతో కదా.

ఇప్పుడు ఎలా ఉందంటే, తాళం తిప్పితే స్టార్టు, మాట్లాడుకుంటూ వెళ్ళొచ్చు, ఇంతకుముందు లంకకి వెళ్ళేసరికి గొంతులు పోయేవి. ఆయిలు కలిపే పని లేదు. పెట్రోలు ఫుల్ లో గంటకి 20 లీటర్ల పైనే తాగుతుంది, అది ఏ 60 అయినా అంతే, సగం మీద నడిపితే బాగా తగ్గిపోతుంది, మేం సగం మీదే నడుపుతాం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్ తేమని లాగేస్తుంది, మన గోదారి గాలిలో తేమకి లోటేముంది, అందుకని ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య నీళ్ళు వేరుచేసే ఫిల్టరు తప్పకుండా పెట్టించుకోండి. గుర్రపుడెక్క ఉన్న చోట మధ్యమధ్యలో ఇంజను పక్కనుంచి నీళ్ళ ధార వస్తోందో లేదో చూస్తుండాలి, డెక్క వేళ్ళు నీళ్ళు పీల్చే జల్లెడని కప్పేస్తే నిమిషాల్లో వేడెక్కిపోతుంది. అంతర్వేది వైపు వెళ్ళొచ్చినప్పుడల్లా మంచినీళ్ళతో లోపల కడగాలి. మొదటి 10 గంటలు అదిమి నడపకూడదు, 20 గంటలకి మొదటి సర్వీసు, తర్వాత ప్రతి 100 గంటలకి గానీ ఏడాదికి గానీ.

ఇక నచ్చనివి. చెప్పిన తారీకుకి ఇవ్వరు, ఇది ఖాయం. మాకు ఉగాదికి అన్నది శ్రీరామనవమి కూడా దాటిపోయింది. ఫోను ఎత్తరు, వెళ్ళి కనుక్కోవాల్సిందే. బిల్లు చిన్న కాగితం మీద మొత్తం ఒకటే రాసిస్తారు, ఏది ఎంతో అడిగి రాయించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పని వీళ్ళది కాదు. లైట్లకీ, బోటులో చేరిన నీళ్ళు తోడే బిల్జి పంపుకీ వైర్లు మెలేసి టేపు చుట్టేశారు, మామూలు రాగి వైరు, ఫ్యూజు ఒక్కటే. ఉప్పుగాలికి అది ఆగదు. మేం ఇంకో ఎలక్ట్రీషియన్ చేత తగరం పూత ఉన్న వైరు వేయించి, ప్రతి లైనుకీ విడిగా ఫ్యూజు పెట్టించాం. వెల్డింగు చేతిలో ఉన్న శ్రద్ధ ఇక్కడ కూడా పెడితే ఈ షెడ్డుకి వంక పెట్టడానికి ఏమీ ఉండదు, ఈ మాట మేస్త్రిగారికి మొహం మీదే చెప్పాను, అయ్యుండొచ్చండీ అన్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి దండం పెట్టాలి. బోటు దించే ముందు, ఎంతమంది ఎక్కొచ్చో లెక్కకట్టి స్టీరింగు పక్కన పెయింటుతో రాయించారు, వద్దన్నా వినలేదు. మా బావగారు ఇంకో నలుగురు పడతారు కదా మేస్త్రీ అంటే, "పడతారండి, తేలరు" అన్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదార్లో జరిగిన బోటు ప్రమాదం మన జిల్లాల్లో ఎవరు మర్చిపోతారు చెప్పండి, ఎన్ని ఇళ్ళు ఏడ్చాయి. తలకో లైఫ్ జాకెట్టు ఉండాలి, సీటు కింద కాదు, ఒంటిమీద. ఇంజను మార్చాక కాగితాల్లో కూడా మార్పించుకోండి, 2021 ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజనున్న బోటుకి సర్వే, రిజిస్ట్రేషను ఉండాలి, టూరిస్టుల్ని ఎక్కించేవాళ్ళైతే మరీ జాగ్రత్త.

వెళ్ళాలనుకునేవాళ్ళు సంక్రాంతి అవ్వగానే వెళ్ళండి. వానల్లో గాలిలో తేమకి వెల్డింగులో బుడగలు వస్తాయని వీళ్ళే పని ఆపేస్తారు, జులై వచ్చిందంటే షెడ్డు దాకా నీళ్ళే. బోటు ఇచ్చేసి వచ్చెయ్యకుండా గాలి కొట్టి చూసే రోజు మాత్రం దగ్గరుండండి, షాఫ్టు కొలిచే దాకా ఇంజనుకి అడ్వాన్సు ఇవ్వకండి, ఫోటోలు తీసుకోండి. పొద్దున్న ఎనిమిది లోపు వెళ్తే మేస్త్రిగారు టీకొట్టు దగ్గరే దొరుకుతారు.